కార్డు ఒక్కటే చాలునా? ఆరోగ్య బీమా ఎంపికలో పడుచువాళ్లు చూడవలసినవి

నల్లగొండ జిల్లాలో ఏ ఊరి కూడలిలో నిలబడి చూసినా మోటారు సైకిళ్లకు కొదవ లేదు. పోలీసులు ఆపుతారన్న భయంతోనైనా వాటిలో చాలావాటికి బీమా కాగితం ఉంటుంది. ట్రాక్టరుకు ఉంటుంది. పాడి గేదెకు బీమా చేయించినవారూ ఉన్నారు. కాని ఆ బండి నడిపే ఇరవై రెండేళ్ల కుర్రవానికి ఆసుపత్రి ఖర్చుకు బీమా ఉన్నదా అని అడిగితే మాత్రం "మాకు కార్డున్నది గదా" అన్న జవాబే వస్తుంది. కొందరి విషయంలో ఆ జవాబు నిజమే. మరి కొందరి విషయంలో అది నిజం కాదని ఆసుపత్రి కౌంటరు దగ్గరకు వెళ్లాక గాని తెలియడం లేదు. ఈ రెండో రకం వారి సంఖ్య ఊళ్లలో పెరుగుతున్నది.

ఆరోగ్యశ్రీని తక్కువ చేసి మాట్లాడవలసిన పని లేదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆ పథకం గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సలు పేదవాని దగ్గరకు తెచ్చింది. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలుగా ఉన్న పరిమితిని 2023 డిసెంబర్ 9న 10 లక్షలు చేశారు. కార్డు ఉన్నవారు దాన్ని భద్రంగా ఉంచుకోవాలి. అయితే అది జాబితాలో ఉన్న చికిత్సలకే, పథకంలో చేరిన ఆసుపత్రుల్లోనే పనిచేస్తుంది. బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు 2025లో సేవలు నిలిపివేసిన సంగతి పాఠకులకు విదితమే. నొప్పి వచ్చిన వేళ ఆ గొడవ ఎప్పుడు తీరుతుందోనని ఎవరూ ఎదురు చూడలేరు.

అన్నింటికీ మించి, ఆ కార్డుకు అర్హత అన్నది ఒకటుంది. గ్రామాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షన్నర దాటకూడదు. భూమి మూడున్నర ఎకరాల తరి గాని, ఏడున్నర ఎకరాల మెట్ట గాని మించకూడదు. ఐటిఐ చదివి చిట్యాల దగ్గర ఫ్యాక్టరీలోనో, హైదరాబాద్‌లో కంపెనీలోనో చేరిన కుర్రవానికి నెలకు 22 వేల జీతం వచ్చిందంటే ఏడాదికి 2 లక్షల 64 వేలు. తల్లిదండ్రుల కార్డులో అతని పేరు ఇంకా ఉండవచ్చు. ఏరివేత వచ్చిన నాడు ఆ పేరు పోతుంది. 2025 జూలైలో పొరుగున ఉన్న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో కొత్త రేషన్ కార్డుల పంపిణీ మొదలయినప్పుడు పెళ్లయి వేరుపడిన పిల్లలు చాలామంది దరఖాస్తులతో తిరిగారు. కార్డు వచ్చినవారు సరే. రానివారి సంగతి?

ఈఎస్‌ఐ ఉంటుందని కొందరి ధీమా. నెల జీతం 21 వేలు మించని కార్మికునికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది. జీతంలో నూటికి ముప్పావు రూపాయి అతని వాటాగా కోస్తారు, యజమాని మూడుంపావు కడతాడు. చౌకలో ఇంతకు మించిన ఏర్పాటు మరొకటి లేదు. కాని జీతం 21 వేలు దాటితే, ఆ ఆరు నెలల చందా కాలం ముగియగానే ఈఎస్‌ఐ ఆగిపోతుంది. మనవాడికి జీతం పెరిగిందని ఇంటిల్లిపాదీ సంతోషించే ఏడాదే అటు రేషన్ కార్డు అర్హత, ఇటు ఈఎస్‌ఐ రెండూ చేజారుతున్నాయన్నమాట. పేదవానికి సర్కారు ఉంది, పెద్ద ఉద్యోగికి కంపెనీ ఉంది. నడుమనున్న ఈ 22 వేల జీతగానికే ఎవరూ లేరు. ఇక కంపెనీ పాలసీ ఉన్నవారు కూడా అది ఉద్యోగంతో ముడిపడినదని మరువరాదు. పని మానిన నాడే అదీ మానుతుంది. మానకముందే అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుందా అని అడిగి తెలుసుకోవాలి.

పేర్లలో తికమక కూడా తక్కువేమీ కాదు. 2018 ఆగస్టులో వచ్చిన రైతు బీమా రైతు మరణించాక కుటుంబానికి 5 లక్షలిస్తుంది, ఆసుపత్రి బిల్లు కట్టదు. బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే సురక్షా బీమా యోజన ప్రమాదంలో చనిపోయినా, అవయవం పోయినా 2 లక్షల దాకా ఇస్తుంది. జ్వరానికి, కడుపునొప్పికి దానితో సంబంధం లేదు. మామూలు జీవిత బీమా పాలసీల తీరు కూడా ఇంతే. వీటిలో ఏదో ఒకటి ఉన్నందువల్ల "మాకు బీమా ఉన్నది" అనుకుంటున్న ఇళ్లు అనేకం.

రోగం లేనప్పుడే ఎందుకు?

ఇరవై అయిదేళ్లవానికి రోగమేమిటి, ఏడాదికి కొన్ని వేలు బూడిదలో పోయడమెందుకు అని పెద్దలే అంటుంటారు. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. ఏడాదంతా ఆసుపత్రి మొహం చూడకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. కాని ఆరోగ్య బీమాలో డబ్బు కంటే ముఖ్యమైనది కాలం. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజుల్లో ప్రమాదాలకు తప్ప వేరే జబ్బులకు ఖర్చు రాదు. హెర్నియా, మూలవ్యాధి, మూత్రపిండాల్లో రాళ్లు వంటి కొన్నింటికి రెండేళ్ల దాకా, కొన్ని పాలసీల్లో మూడేళ్ల దాకా ఆగాలి. తీసుకునే నాటికే ఉన్న జబ్బులకు గడువు గరిష్ఠంగా మూడేళ్లు. అంతకు ముందు నాలుగేళ్లుండేది, 2024 ఏప్రిల్ నుంచి బీమా నియంత్రణ సంస్థ తగ్గించింది. ఇరవై నాలుగో ఏట మొదలుపెట్టినవానికి ఈ గడువులన్నీ ఆరోగ్యంగా ఉండగానే గడిచిపోతాయి. నలభయ్యో ఏట షుగరు బయటపడ్డాక పరుగెత్తినవాడు వాటిని జబ్బుతోనే లెక్కపెట్టుకోవాలి. పైగా ప్రీమియం ఎక్కువ పడుతుంది, ఒక్కొక్కసారి కంపెనీ పాలసీయే ఇవ్వనంటుంది.

65వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న కట్టంగూరు, నకిరేకల్, నార్కట్‌పల్లి వైపు ఊళ్ల వారికి పడుచువాళ్లు ఆసుపత్రి పాలవడం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు. కాలు విరిగి లక్షన్నర అప్పు చేస్తే, నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కన నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు. అసలు అసలుగానే ఉంటుంది. ఆ వడ్డీ ఒక్కటే పడుచువాని ఏడాది ప్రీమియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ ఎత్తివేశారు. ఇంకా ఆ పన్ను కలిపి అడిగే ఏజెంటు ఎవరైనా ఉంటే లెక్క కాగితం చూపించమనాలి.

ప్రీమియం ఒక్కటి చూస్తే మోసపోతారు

ఊళ్లో పాలసీ ఎంపిక రెండే రకాలుగా జరుగుతున్నది. ఏజెంటు బంధువైతే అతడు చెప్పిందే వేదం. బంధువు కాకపోతే ఎవరిది తక్కువ ధరయితే వారిది. పత్తి విత్తనాల సంచి కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరిగి, పోయినేడు పండించినవాడిని అడిగి గాని కొనని రైతు కొడుకు ఇక్కడ మాత్రం ఫోనులో వినబడిన మాటకు డబ్బు కట్టేస్తున్నాడు.

అన్నింటికన్నా ముందు చూడవలసింది గది అద్దె షరతు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని బిల్లును సగం చేసేది ఇదే. పాలసీ 3 లక్షలు, గది అద్దె అందులో నూటికి ఒక వంతు, అంటే రోజుకు 3 వేలు మించరాదని షరతు ఉందనుకుందాం. ఆసుపత్రిలో రోజుకు 6 వేల గది ఇచ్చారు, అయిదు రోజులున్నారు. గదికి 30 వేలు, ఆపరేషన్, డాక్టర్లు, నర్సింగ్ వగైరాలకు 80 వేలు, మందులు, పరీక్షలకు 30 వేలు, మొత్తం లక్షా 40 వేలు. పాలసీ 3 లక్షలుంది గనుక మొత్తం వస్తుందనే ఎవరైనా అనుకుంటారు. కాని గది అర్హతకు రెట్టింపుది కాబట్టి కంపెనీ గదికి 15 వేలే ఇస్తుంది. అంతటితో ఆగదు. ఆపరేషన్, డాక్టరు ఖర్చులకూ అదే దామాషాలో సగం కోసి 40 వేలే ఇస్తుంది. మందులకు, పరీక్షలకు ఈ కోత వర్తించదు, ఆ 30 వేలు వస్తాయి. చేతికి వచ్చేది 85 వేలు, చేతి నుంచి పోయేది 55 వేలు. గది ఒక్కటి మారినందుకు ఇంత తేడా. పాలసీలో రోగి నూటికి 20 వంతులు భరించాలన్న షరతు కూడా ఉంటే, ఆ 85 వేల నుంచి మరో 17 వేలు పోతాయి. తొడుగులు, దూది వంటి వాటికి కొన్ని కంపెనీలు ఇవ్వవు, అది వేరు.

అందుచేత గది అద్దెకు పరిమితి లేని పాలసీని, రోగి వాటా లేని పాలసీని ముందు చూడాలి. అవి కొంత ఖరీదయినా సరే. 5 లక్షల మంచి పాలసీ 10 లక్షల కోతల పాలసీ కంటే మేలని నిస్సంకోచంగా చెప్పవచ్చు. అంత స్తోమత లేనివారికి ఆరోగ్య సంజీవని అనే పాలసీ ఉంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఈ పాలసీని పలు కంపెనీలు ఒకే పేరుతో, ఒకే షరతులతో అమ్ముతున్నాయి. గది అద్దె బీమా మొత్తంలో నూటికి రెండు వంతులు, రోజుకు 5 వేలకు మించకుండా. రోగి వాటా నూటికి 5. షరతులన్నీ ఒకటే కాబట్టి కంపెనీల మధ్య ధరను పోల్చడం చదువు తక్కువవారికి కూడా తేలిక. మిగతా పాలసీలను తూచడానికి దీన్ని రాయిగా వాడుకోవచ్చు.

రెండోది, ఆసుపత్రుల జాబితా. హైదరాబాద్‌లో పేరుమోసిన ఆసుపత్రులు పది ఉన్నాయని ఏజెంటు చెబుతాడు. దేవరకొండ అవతలి తండాలోని మనిషికి అర్ధరాత్రి కావలసింది ఆ పది కాదు. నల్లగొండలో ఏది ఉంది, మిర్యాలగూడలో ఏది ఉంది, రహదారి మీద హైదరాబాద్‌లో అడుగుపెట్టగానే వచ్చే ఎల్‌బీనగర్ వైపు ఏది ఉంది అని చూసుకోవాలి. ఏజెంటు మాటతో సరిపెట్టుకోక, ఆయా ఆసుపత్రుల బీమా కౌంటరులో ఫలానా కంపెనీవారితో మీకు ఒప్పందం ఉన్నదా, వాళ్లు సరిగా అనుమతులిస్తున్నారా అని ఒకసారి అడిగితే వంద ప్రకటనలు చెప్పని సంగతి తెలుస్తుంది. నగదు లేని చికిత్సకు అనుమతి సంగతి గంటలోగా, డిశ్చార్జి వేళ తుది అనుమతి మూడు గంటలలోగా తేల్చాలని 2024లో నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఆలస్యమయిన చోట ఈ మాట గుర్తు చేయవచ్చు.

ఇక ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మంచం మీద గ్లూకోజు ఎక్కించుకుంటే బీమా రాదు. చిన్న పట్టణాల్లోనయితే రిజిస్టరయిన ఆసుపత్రో, కనీసం పది పడకలు, రాత్రింబవళ్లు నర్సులు, డాక్టర్లు ఉన్న ఆసుపత్రో కావాలి. కొన్ని చిన్న ఆపరేషన్లకు తప్ప 24 గంటలు చేరి ఉండడం తప్పనిసరి.

అమ్మా నాన్నలను కూడా ఒకే పాలసీలో కలిపేయమని కొందరు సలహా ఇస్తారు. అది చౌక కాదు. అటువంటి పాలసీకి ప్రీమియం అందరిలోకి పెద్ద వయసును బట్టి కడతారు. తండ్రి గుండె ఆపరేషన్‌కు మొత్తం ఖర్చయితే ఆ ఏడాది కొడుక్కి మిగిలేది ఉండకపోవచ్చు. తల్లిదండ్రులకు ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే వారిది అలా ఉంచి, పిల్లవాడు తన పేరున వేరే తీసుకోవడమే మంచిది.

ఆడపిల్లల మాట ఇక్కడ చెప్పి తీరాలి. ప్రైవేటు బడిలో పంతులమ్మగానో, ఆసుపత్రిలో నర్సుగానో, బట్టల దుకాణంలోనో పనిచేసే అమ్మాయికి పాలసీ తీసుకుందామంటే "పెళ్లయ్యాక అత్తగారోళ్లు చూసుకుంటరు" అనేవారు కనిపిస్తారు. కాన్పు ఖర్చులిచ్చే పాలసీల్లో కూడా దానికి రెండేళ్లు, కొన్నింటిలో అంతకు మించి ఆగాలి. పెళ్లి నాటికి ఆ గడువు గడిచిపోయి ఉండాలంటే ముందే తీసుకోవాలి. పాలసీ ఆమె పేరున ఉంటుంది, ఇంటిపేరు మారినా పోదు.

"అవన్నీ నేను రాసుకుంట తమ్మీ"

క్లెయిములు పోయే చోటు ఆసుపత్రి కాదు, దరఖాస్తు. షుగరు ఉన్నదా, బీపీ ఉన్నదా, ఇంతకు ముందు ఆపరేషన్ అయిందా, పొగ తాగుతారా, గుట్కా, మద్యం అలవాటున్నదా అని అందులో వరుసగా అడుగుతారు. ఏజెంటు "అవన్నీ నేను రాసుకుంట తమ్మీ, నువ్వు సంతకం పెట్టు" అని అన్నింటికీ లేదు అని రాస్తాడు. ఫోనులోనయితే ఒక అంకె నొక్కమంటారు, అంతే. మూడేళ్ల తర్వాత ఆసుపత్రిలో డాక్టరు కేసు షీటులో "అయిదేళ్లుగా మూర్ఛ మందులు వాడుతున్నాడు" అని రాస్తే, ఆ ఒక్క వాక్యం పట్టుకుని కంపెనీ క్లెయిం కొట్టేస్తుంది, పాలసీనే రద్దు చేయవచ్చు. అప్పుడు ఏజెంటు ఫోను ఎత్తడు. సంతకం మాత్రం మనదే.

నిజం చెబితే ఏమవుతుంది? ప్రీమియం కొంత పెరగవచ్చు. ఆ జబ్బు వరకు మూడేళ్లు ఆగమనవచ్చు. ఒక కంపెనీ కాదంటే మరొకటి ఒప్పుకోవచ్చు. ఇవేవీ ఆసుపత్రి మంచం మీద ఉండగా క్లెయిం పోవడమంత నష్టం కాదు. అయిదేళ్లు విరామం లేకుండా పాలసీ నడిస్తే, మోసం రుజువైతే తప్ప దాచారన్న నెపంతో కంపెనీ క్లెయిం కాదనరాదని 2024 నుంచి నిబంధన ఉంది. అయితే అది ఉన్నది కదా అని దాచడం తెలివితక్కువ.

పాలసీ కాగితం వచ్చిన నాటి నుంచి 30 రోజుల్లోగా నచ్చకపోతే వాపసు చేయవచ్చు, కొద్దిపాటి కోతలతో డబ్బు తిరిగి వస్తుంది. ఆ 30 రోజుల్లో దరఖాస్తు నకలు తెప్పించుకుని జవాబులు తాము చెప్పినవేనా అని చూసుకునేవారు నూటికి ఒక్కరున్నా గొప్పే. ఏటా గడువు తేదీకి ముందే కట్టడం కూడా అంత ముఖ్యం. తేదీ దాటాక 30 రోజుల వెసులుబాటు ఉన్నా, ఆ నడుమ రోగమొస్తే ఖర్చు రాకపోవచ్చు. అదీ దాటితే గడిచిన ఎదురుచూపంతా మొదటికి వస్తుంది. వరి కల్లం డబ్బు ఆలస్యంగా పడే ఇళ్లలో గడువు తేదీని పంట డబ్బు చేతికి వచ్చే నెలకు సరిపడేలా మొదటే పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది. కంపెనీ నచ్చకపోతే గడువు ముగియకముందే వేరే కంపెనీకి మారవచ్చు, గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది.

అప్పు చేసి ప్రీమియం కట్టమని ఎవరూ చెప్పరు. కార్డు, ఈఎస్‌ఐ ఉన్నవారు ముందు వాటిలో తమ పేరు, ఆధార్ వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. 20 రూపాయల ప్రమాద బీమా ఎవరికైనా అందుబాటులో ఉన్నదే. ఆ తర్వాతే సొంత పాలసీ. కాని ఫోను కొనడానికి నెలనెలా వాయిదాలు కట్టగల కుర్రవాడు దీనికి డబ్బు లేదనడం నమ్మదగ్గది కాదు.

క్లెయిం అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో తేల్చకపోయినా, తృప్తి లేకపోయినా ఏడాదిలోగా హైదరాబాద్ లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. నియంత్రణ సంస్థకు 155255 నంబరుకు ఫోను చేసి కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఈ సంగతి తెలియక కొట్టేసిన క్లెయిమును తలరాత అనుకుని వదిలేసేవారు ఊళ్లలో ఉన్నారు.

ఇన్ని షరతులు ఇంగ్లీషులో ముప్పై, నలభై పేజీల్లో ఫోనుకు పంపించి, చదువుకోవలసింది మీరేనని అనడం ఏమి న్యాయమో కంపెనీలే చెప్పాలి. పాలసీ సారాంశం తెలిపే వివరపత్రాన్ని, పాలసీదారు కోరితే, స్థానిక భాషలో ఇవ్వాలని నిబంధన ఉంది. ఆ వివరపత్రంలో గది అద్దె, రోగి వాటా, ఎదురుచూపు గడువులు అన్నీ ఉంటాయి. దేశం మొత్తానికీ ఈ నిబంధనలు చేసే సంస్థ కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉన్నా, తెలుగు పత్రం అడగవచ్చన్న సంగతే ఊళ్లలో తెలియదు. బ్యాంకులవారు గ్రామాల్లో జరిపే ఆర్థిక అవగాహన సభల్లో ఈ ఒక్క మాట చెప్పించే బాధ్యత జిల్లా లీడ్ బ్యాంకు అధికారులు తీసుకోవాలి. ఈలోగా పాలసీ తీసుకునేవారు ఏజెంటును తెలుగు వివరపత్రం తెమ్మని అడగాలి. అది చేతికి వచ్చాకనే డబ్బు ఇవ్వాలి.